వర్గ సమీకరణ సూత్రం: మధ్యమాహరణం నుంచి మూలాల ఎంపిక దాకా

వ్యాససంగ్రహం:

వర్గ సమీకరణాన్ని సాధించే సూత్రం పదవ తరగతి నుంచే విద్యార్థులకు పరిచితం. ఆ సూత్రంలోని ప్రతి అంశం ఎక్కడి నుంచి వచ్చింది, అది ఇచ్చే రెండు విలువలలో దేనిని సమాధానంగా గ్రహించాలి అనే ప్రశ్నలు మాత్రం కంఠస్థం చేసిన సూత్రం వెనుక మరుగున పడిపోతాయి. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, భాస్కరాచార్యుడు అనుసరించిన మధ్యమాహరణ ప్రక్రియ ఆధారంగా ఈ వ్యాసం సూత్రాన్ని వివరిస్తుంది. భాస్కరుని బీజగణితంలోని రెండు వానర సమస్యలను పోల్చి చూసి, సూత్రం సమీకరణానికి సమాధానం చెప్తుందే తప్ప సమస్యకు కాదని, ఆ రెండింటి మధ్య దూరాన్ని పూరించవలసినది సాధకుడేనని నిరూపిస్తుంది.

కీలకపదాలు: వర్గ సమీకరణం, మధ్యమాహరణం, విచక్షణి, మూలాలు, శ్రీధరుడు, భాస్కరాచార్యుడు, గణిత బోధన.

1. ఉపోద్ఘాతం:

పాఠశాల గణితంలో విద్యార్థులు ఎక్కువ కాలం గుర్తుంచుకునే సూత్రాలలో వర్గ సమీకరణ సూత్రం ఒకటి. కారణాంక పద్ధతి ఫలించనప్పుడు కూడా అది ఫలిస్తుంది. గుణకాలను ప్రతిక్షేపించి, వర్గమూలం కనుక్కుని, కలిపి ఒకసారి, తీసివేసి మరొకసారి భాగిస్తే రెండు విలువలు వస్తాయి. వాటిలో ఒకటి ఋణసంఖ్య అయితే ‘పొడవు ఋణాత్మకం కాదు కనుక దీనిని విడిచిపెట్టవలెను’ అని ఒక వాక్యం రాయడంతో లెక్క ముగుస్తుంది.

ఈ క్రమంలో మూడు ప్రశ్నలు అడగకుండానే మిగిలిపోతాయి. సూత్రంలో 4 అనే సంఖ్య ఎందుకు ఉంది? ఒక ప్రశ్నకు రెండు సమాధానాలు ఎలా వచ్చాయి? విడిచిపెట్టిన విలువను ఏ కారణంతో విడిచిపెట్టారు? మొదటి ప్రశ్న ప్రక్రియకు, రెండవది వర్గం అనే భావనకు, మూడవది అర్థనిర్ణయానికి సంబంధించినవి. మొదటి రెండింటికీ సమాధానం తెలిస్తే తప్ప మూడవదానికి సరైన సమాధానం దొరకదు. అందువల్ల ఈ వ్యాసం వాటిని ఇదే వరుసలో పరిశీలిస్తుంది.

2. సంకేతాలు, పరిభాష:

తెలియని రాశిని భారతీయ బీజగణితజ్ఞులు అవ్యక్తమనీ యావత్తావత్తు అనీ వ్యవహరించారు. ‘ఎంతో అంత’ అని ఆ పదానికి అర్థం. దానిని సంక్షిప్తంగా ‘యా’ అని రాసేవారు. తెలిసిన సంఖ్యను రూపం అన్నారు. ఆ సంప్రదాయాన్ని అనుసరించి ఈ వ్యాసంలో అవ్యక్తాన్ని ‘య’ అనీ, గుణకాలను క, ఖ, గ అనీ సూచించడం జరిగింది. అప్పుడు వర్గ సమీకరణపు సాధారణ రూపం ఇది:

క·య² + ఖ·య + గ = 0 (క సున్నా కాదు)

దాని సాధన సూత్రం:

య = [−ఖ ± √(ఖ² − 4·క·గ)] ÷ (2·క)

వర్గమూలపు గుర్తు లోపల ఉన్న ఖ² − 4·క·గ అనే రాశిని విచక్షణి అంటారు. సమీకరణాన్ని తృప్తిపరచే విలువలు దాని మూలాలు.

ఈ సమీకరణంలో మూడు పదాలున్నాయి: వర్గపదం, మధ్యపదం, స్థిరపదం. మధ్యపదం లేకపోతే సాధన సులభం. య² = 49 అయితే వర్గమూలం తీస్తే సరిపోతుంది. చిక్కంతా మధ్యపదంతోనే. దానిని తొలగించే ప్రక్రియకు భారతీయ గణితజ్ఞులు మధ్యమాహరణం అని పేరు పెట్టారు. భాస్కరాచార్యుని బీజగణితంలో ఈ పేరుతోనే ఒక ప్రకరణం ఉంది. చేసే పనిని పేరులోనే చెప్పిన పరిభాష ఇది. వర్గ సమీకరణ సూత్రమంటే మధ్యమాహరణాన్ని ఒక్కసారి సాధారణ గుణకాలతో జరిపి, దాని ఫలితాన్ని భద్రపరచుకోవడమే.

3. సూత్రానికి ముందున్న ప్రక్రియ:

సంకేతాలతో రాసిన సూత్రం చాలా ఆలస్యంగా వచ్చినది. ప్రక్రియ మాత్రం ప్రాచీనమైనది. బ్రిటిష్ మ్యూజియంలో బి.ఎం. 13901 అనే సంఖ్యతో ఉన్న ప్రాచీన బాబిలోనియా మట్టిఫలకం క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది తొలి భాగానికి చెందినది. ఒక చతురస్రపు వైశాల్యాన్ని, దాని భుజాన్ని కలిపితే నాలుగింట మూడు వంతులు అయింది, భుజమెంత అన్నది అందులోని మొదటి సమస్య. నేటి సంకేతాలలో య² + య = 3/4.

ఫలకం చెప్పే సాధన ఇది: 1 తీసుకోవాలి. దానిని సగం చేయాలి. ఆ సగాన్ని దానితోనే గుణిస్తే 1/4 వస్తుంది. దానిని 3/4కు కలిపితే 1. దాని వర్గమూలం 1. అందులోంచి ముందటి సగాన్ని తీసివేస్తే 1/2. అదే భుజం. బాబిలోనియా లేఖకులు అరవై ఆధారంగా గల సంఖ్యామానంలో ఈ విలువలను 45, 30, 15 అని రాసుకున్నారు. ఇక్కడ సూత్రం లేదు, కారణం చెప్పే వాక్యమూ లేదు. అయినా మధ్యపద గుణకంలో సగాన్ని వర్గం చేసి కలపడం అనే కీలకమైన మెట్టు స్పష్టంగా ఉంది.

భారతదేశంలో ఆర్యభటీయం (క్రీ.శ. 499) అంకశ్రేఢికి సంబంధించి ఒక నియమం ఇచ్చింది. మొదటి పదం, పదాంతరం, మొత్తం తెలిసినప్పుడు పదాల సంఖ్యను కనుక్కునే నియమమది. ఆ నియమం వర్గ సమీకరణ సాధన తప్ప మరొకటి కాదు. అయితే అది శ్రేఢి గణితానికి పరిమితమైన రూపంలో ఉంది. ఏ సందర్భానికైనా వర్తించే సాధారణ నియమంగా దానిని చెప్పిన ఘనత బ్రహ్మగుప్తునిది.

4. బ్రహ్మగుప్తుని నియమం, శ్రీధరుని ఉపాయం:

బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం (క్రీ.శ. 628) పద్దెనిమిదవ అధ్యాయంలో బ్రహ్మగుప్తుడు ధన, ఋణ, శూన్య రాశుల పరికర్మలను నిర్వచించాడు. ఆ అధ్యాయంలోనే వర్గ సమీకరణ సాధన కూడా ఉంది. రూపాలను ఒక పక్షంలోను, వర్గపదాన్ని మధ్యపదాన్ని రెండవ పక్షంలోను ఉంచాలి. రూపాలను వర్గగుణకానికి నాలుగు రెట్లతో గుణించి, మధ్యమ గుణకపు వర్గాన్ని కలపాలి. ఆ మొత్తపు వర్గమూలంలోంచి మధ్యమ గుణకాన్ని తీసివేసి, శేషాన్ని వర్గగుణకపు రెట్టింపుతో భాగించాలి. ఇది నేటి సూత్రమే. భేదమల్లా ఆయన నియమం ఒక్క మూలాన్నే ఇస్తుంది. ఋణసంఖ్యల పరికర్మలు ముందే నిర్వచించి ఉన్నందువల్ల గుణకాల గుర్తులు ఏవైనా ఈ ఒక్క నియమమే సరిపోయింది.

నాలుగు రెట్లు ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం శ్రీధరుని ఉపాయంలో దొరుకుతుంది. శ్రీధరుని బీజగణిత గ్రంథం నేడు లభ్యం కాదు. అందులోని ఈ నియమాన్ని భాస్కరాచార్యుడు తన గ్రంథంలో ఉదాహరించడం వల్ల అది నిలిచింది. ఉభయ పక్షాలనూ వర్గగుణకానికి నాలుగు రెట్లతో గుణించాలి. తరువాత ఉభయ పక్షాలకూ తొలి మధ్యమ గుణకపు వర్గాన్ని కలపాలి. దీనిని సాధారణ సమీకరణానికి అన్వయిస్తే క్రమం ఇలా ఉంటుంది:

క·య² + ఖ·య = −గ

4·క²·య² + 4·క·ఖ·య = −4·క·గ

4·క²·య² + 4·క·ఖ·య + ఖ² = ఖ² − 4·క·గ

(2·క·య + ఖ)² = ఖ² − 4·క·గ

చివరి పంక్తిలో మధ్యపదం విడిగా కనిపించదు. అది వర్గంలో లీనమైపోయింది. వర్గమూలం తీసి, ఖను తీసివేసి, 2·కతో భాగిస్తే సూత్రం సిద్ధిస్తుంది. విచక్షణిలోని 4, హారంలోని 2·క ఈ ఒక్క గుణకారం ఫలితాలే.

ఈ ఉపాయపు సౌలభ్యం ఒక ఉదాహరణతో తేటతెల్లమవుతుంది. లీలావతిలో ప్రసిద్ధమైన తుమ్మెదల సమస్య ఉంది. తుమ్మెదల గుంపులో సగానికి వర్గమూలమైనన్ని మాలతీలత వైపు వెళ్లాయి. మొత్తం గుంపులో తొమ్మిదింట ఎనిమిది వంతులూ వెళ్లాయి. ఒక మగ తుమ్మెద తామరలో చిక్కుకుని ఝుంకారం చేస్తుంటే, దానికి బదులుగా ఒక ఆడ తుమ్మెద బయట ఝుంకారం చేస్తోంది. గుంపులో ఉన్నవెన్ని? గుంపును 2య² అనుకుంటే సగానికి వర్గమూలం య అవుతుంది. సమీకరణం 2య² − 9య − 18 = 0.

ముందుగా 2తో భాగించే పద్ధతిలో య² − (9/2)య = 9 వస్తుంది. 9/4 వర్గమైన 81/16 కలపాలి. కుడి పక్షం 225/16. ప్రతి మెట్టులోను భిన్నాలే. శ్రీధరుని పద్ధతిలో 8తో గుణిస్తే 16య² − 72య = 144. 81 కలిపితే (4య − 9)² = 225. కనుక 4య − 9 విలువ 15 లేదా −15. య విలువ 6 లేదా −3/2. భిన్నం చివరి భాగహారంలో తప్ప ఎక్కడా రాలేదు. గుణకాలు పూర్ణసంఖ్యలైతే గణన అంతా పూర్ణసంఖ్యలలోనే సాగుతుంది. య = 6 కనుక తుమ్మెదలు 72.

5. చిత్రంగా వర్గపూరణం:

బాగ్దాదులో క్రీ.శ. 820 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ రచించిన బీజగణిత గ్రంథం ఇదే ప్రక్రియకు రేఖాగణిత రూపం ఇచ్చింది. ఆయన ప్రసిద్ధ ఉదాహరణ య² + 10య = 39. భుజం యగా గల చతురస్రాన్ని గీయాలి. దాని రెండు పక్కల 5 వెడల్పు గల దీర్ఘచతురస్రాలను చేర్చాలి. ఇప్పటికి వైశాల్యం 39. మూలలో మిగిలిన ఖాళీ 5 భుజంగా గల చతురస్రం, దాని వైశాల్యం 25. దానిని పూరిస్తే మొత్తం 64, పెద్ద చతురస్రపు భుజం 8. కనుక య = 3. ‘వర్గాన్ని పూర్తిచేయడం’ అనే మాట ఇక్కడ అక్షరార్థంలోనే నిజం.

ఈ చిత్రం ఎంత స్పష్టమైనదో అంత పరిమితమైనది. సమీకరణపు రెండవ మూలం −13. భుజం −13గా గల చతురస్రం గీయడం సాధ్యం కాదు కనుక ఆ మూలం చిత్రంలోకి రాదు. ఋణసంఖ్యలను అంగీకరించనందువల్లనే అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలను ఆరు రకాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి వేర్వేరు నియమం చెప్పవలసి వచ్చింది. ఋణరాశులను అంగీకరించిన బ్రహ్మగుప్తునికి ఒక్క నియమం సరిపోయింది. సంఖ్యల గురించిన అవగాహన విశాలమైనకొద్దీ నియమాల సంఖ్య తగ్గుతుంది. అయితే అలా తగ్గిన నియమం లోపల కొత్త బాధ్యత చేరుతుంది: నియమం ఇచ్చే రెండు విలువలలో దేనిని గ్రహించాలన్న బాధ్యత.

6. భాస్కరుని రెండు వానర సమస్యలు:

ఈ బాధ్యతను స్పష్టంగా గుర్తించినవాడు భాస్కరాచార్యుడు. ధనరాశికి ధనాత్మకంగాను, ఋణాత్మకంగాను రెండు వర్గమూలాలుంటాయని ఆయన చెప్పాడు. అంతమాత్రాన ప్రతి సమస్యకూ రెండు సమాధానాలుంటాయని చెప్పలేదు. అవ్యక్తానికి రెండు విలువలు రావడం కొన్ని సందర్భాలలోనే అని ఆయన నియమం. బీజగణితంలోని రెండు సమస్యలు ఈ ‘కొన్ని సందర్భాలలో’ అన్న మాటకు వ్యాఖ్యానంలా నిలుస్తాయి.

మొదటి సమస్య: వానరయూథంలో ఎనిమిదవ వంతుకు వర్గమైనన్ని కోతులు వనంలో ఆడుకుంటున్నాయి. మిగిలిన పన్నెండు కొండమీద కనిపిస్తున్నాయి. మొత్తం ఎన్ని?

(య/8)² + 12 = య, అంటే య² − 64య + 768 = 0. విచక్షణి 4096 − 3072 = 1024, దాని వర్గమూలం 32. మూలాలు 48, 16. సరిచూస్తే 48లో ఎనిమిదవ వంతు 6, వర్గం 36, పన్నెండు కలిపితే 48. 16లో ఎనిమిదవ వంతు 2, వర్గం 4, పన్నెండు కలిపితే 16. రెండూ సరిపోయాయి. భాస్కరుడు రెండింటినీ అంగీకరించాడు.

రెండవ సమస్య: యూథంలో అయిదవ వంతు నుంచి మూడు తీసివేసి వర్గం చేస్తే ఎన్నో అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒక్కటి మాత్రం చెట్టుకొమ్మ మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని?

(య/5 − 3)² + 1 = య, అంటే య² − 55య + 250 = 0. విచక్షణి 3025 − 1000 = 2025, వర్గమూలం 45. మూలాలు 50, 5. భాస్కరుడు 50ని మాత్రమే గ్రహించాడు. రెండవది పొసగదని, వ్యక్తమైన ఋణరాశిని లోకం విశ్వసించదని కారణం చెప్పాడు.

ఈ తిరస్కరణ మొదటి చూపులో వింతగా తోస్తుంది. 5 ధనసంఖ్య, పూర్ణసంఖ్య. అయిదు కోతుల గుంపు ఉండడం అసంభవమేమీ కాదు. సమీకరణంలో ప్రతిక్షేపిస్తే అది సరిగ్గా సరిపోతుంది కూడా. లోపం విలువలో లేదు, దారిలో ఉంది. 5లో అయిదవ వంతు 1. అందులోంచి మూడు తీసివేయమని సమస్య చెప్తోంది. ఒక్క కోతి నుంచి మూడు కోతులను తీసివేయడం జరగని పని. బీజగణితంలో ఆ ఫలితం −2. దానిని వర్గం చేయగానే 4 అయింది, ఋణగుర్తు చెరిగిపోయింది. 4కు 1 కలిపితే 5. సమీకరణం తృప్తిపడింది. వర్గం చేయడమనే క్రియ మధ్యలో జరిగిన అసంభవాన్ని కప్పివేసింది.

సమస్యను కొద్దిగా మార్చి చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. ‘అయిదవ వంతు నుంచి మూడు తీసివేసి’ అనే చోట ‘మూడింటిలోంచి అయిదవ వంతు తీసివేసి’ అంటే సమీకరణం (3 − య/5)² + 1 = య. విస్తరిస్తే ఇదీ య² − 55య + 250 = 0 అవుతుంది. మూలాలు అవే: 50, 5. ఈసారి 5 సరైన సమాధానం. మూడింటిలోంచి ఒకటి తీస్తే రెండు, దాని వర్గం నాలుగు. 50 పొసగదు, ఎందుకంటే మూడింటిలోంచి పదిని తీసివేయలేము.

రెండు వేర్వేరు సమస్యలు ఒకే సమీకరణానికి దారితీశాయి. ఒకదానికి 50, మరొకదానికి 5 సమాధానం. సమీకరణంలో ఈ భేదం ఎక్కడా నమోదు కాలేదు. సూత్రానికి అందేది సమీకరణం ఒక్కటే కనుక ఏ సూత్రమూ ఈ భేదాన్ని గుర్తించలేదు. రెండు విలువలు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకూ ఇక్కడే సమాధానం ఉంది. వర్గం చేసినప్పుడు గుర్తు పోతుంది. పోయిన గుర్తు ఏదో తెలియదు కనుక సూత్రం రెండు అవకాశాలనూ ఇస్తుంది. ఏది అసలు గుర్తో సమస్యలోకి తిరిగి వెళ్తేనే తెలుస్తుంది.

7. తిరస్కరణకు గీటురాయి:

ఋణమూలాన్ని విడిచిపెట్టాలి, ధనమూలాన్ని గ్రహించాలి అనే తరగతిగది అలవాటు వానర సమస్యల దగ్గరే విఫలమైంది. మొదటిదాంట్లో రెండు ధనమూలాలూ గ్రాహ్యం. రెండవదాంట్లో ఒక ధనమూలం త్యాజ్యం. నేటి సందర్భాల నుంచి మరి రెండు ఉదాహరణలు చూడవచ్చు.

ఒక గోడను ఆనుకుని దీర్ఘచతురస్రాకారపు తోట వేయాలి. మూడు వైపుల కంచెకు 40 మీటర్ల తీగ ఉంది. వైశాల్యం 150 చదరపు మీటర్లు కావాలి. గోడకు లంబంగా ఉన్న భుజం య అయితే గోడవెంట ఉన్న భుజం 40 − 2య. సమీకరణం య² − 20య + 75 = 0, మూలాలు 5, 15. మొదటి విలువకు తోట 5 × 30, రెండవ విలువకు 15 × 10. రెండూ సాధ్యమే. అయితే గోడ పొడవు 20 మీటర్లే అని తెలిస్తే 5 అనే విలువ పనికిరాదు. గోడ పొడవు సమీకరణంలో ఎక్కడా లేదు. నిర్ణయం మాత్రం దానిపైనే ఆధారపడింది.

రెండవది ఇందుకు విపర్యయం. 60 మీటర్ల ఎత్తు నుంచి ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరారు. గాలి నిరోధాన్ని విస్మరించి, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే రాయి నేలను తాకే సమయానికి సమీకరణం య² − 4య − 12 = 0. మూలాలు 6, −2. సమాధానం 6 సెకన్లు. −2ను విడిచిపెట్టడం సరైనదే. కానీ అది అర్థరహితం కాదు. ఇదే చలనాన్ని వెనక్కి పొడిగిస్తే, విసరడానికి 2 సెకన్ల ముందు సెకనుకు 40 మీటర్ల వేగంతో నేల మీది నుంచి బయలుదేరిన రాయి కూడా సరిగ్గా ఇదే మార్గంలో ప్రయాణించేది. ఋణమూలం ఆ సంగతిని చెప్తోంది. అడిగిన ప్రశ్నకు అది సమాధానం కాదు, అడగని ప్రశ్నకు సమాధానం.

కాబట్టి గుర్తును చూసి చేసే నిర్ణయం నమ్మదగినది కాదు. లభించిన ప్రతి విలువనూ సమస్యలోని ప్రతి వాక్యంతోను, చెప్పకుండా వదిలిన నియమాలతోను సరిచూడటమే గీటురాయి.

8. విచక్షణి ఋణాత్మకమైనప్పుడు:

సూత్రం ఒక్కొక్కప్పుడు సమస్యనే ప్రశ్నిస్తుంది. 10ని రెండు భాగాలు చేసి, వాటి లబ్ధం 21 కావాలంటే య² − 10య + 21 = 0, భాగాలు 3, 7. ఇది అల్ ఖ్వారిజ్మీ ఉదాహరణలలోనిదే, ఆయన రెండు మూలాలనూ చూపాడు. లబ్ధం 25 కావాలంటే రెండు భాగాలూ 5. మరి లబ్ధం 40 కావాలంటే? భాగాలను 5 + ద, 5 − ద అనుకుంటే లబ్ధం 25 − ద². ద ఏ వాస్తవ సంఖ్య అయినా ఇది 25ను దాటదు. విచక్షణి 100 − 160 = −60 అని ఋణాత్మకంగా రావడం ఈ అసంభవానికి సూచన.

ఋణరాశి స్వభావరీత్యా వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదని క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చెప్పాడు. వర్గమూలాలతో ముడిపడిన సమస్యలను ప్రకీర్ణకమనే ప్రకరణంలో పలు రకాలుగా వర్గీకరించిన గ్రంథమది. సాహిత్య చరిత్రలు సాధారణంగా 11వ శతాబ్దికి చెందినవాడుగా పేర్కొనే పావులూరి మల్లన ఈ గ్రంథాన్నే తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. గణితాన్ని తెలుగులో చెప్పే సంప్రదాయం అంత ప్రాచీనమైనది.

భాస్కరుడు కూడా మహావీరుని అభిప్రాయాన్నే కొనసాగించాడు. ఇటలీలో కార్డానో 1545లో ప్రకటించిన గ్రంథంలో పైన చెప్పిన 10, 40 సమస్యనే తీసుకుని, భాగాలు 5 + √−15, 5 − √−15 అని రాసి, వాటి లబ్ధం 40 అవుతుందని చూపాడు. సంకీర్ణ సంఖ్యల చరిత్రలో అది తొలి మెట్లలో ఒకటి. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. కార్డానో సమీకరణాన్ని సాధించాడు, 10 వస్తువులను లబ్ధం 40 అయ్యేలా రెండు కుప్పలుగా పంచలేదు. వాస్తవ సంఖ్యల సమస్యగా మహావీరుని మాటే నిలిచి ఉంది. రెండు నిర్ణయాలూ సరైనవే, ఏ సంఖ్యల మధ్య సమాధానం వెతుకుతున్నామన్నదే భేదం.

9. గణనలో సూత్రపు పరిమితి:

సూత్రం సత్యమైనంత మాత్రాన దానితో చేసే ప్రతి గణనా నమ్మదగినది కాదు. య² − 30య + 1 = 0 అనే సమీకరణాన్ని నాలుగు సార్థక అంకెల వరకే ఉంచుకుంటూ సాధిస్తే విచక్షణి 896, దాని వర్గమూలం 29.93. చిన్న మూలం (30 − 29.93) ÷ 2 = 0.035. దాని అసలు విలువ సుమారు 0.03337. దోషం దాదాపు అయిదు శాతం. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేసినప్పుడు ముందున్న సరైన అంకెలు రద్దయిపోయి, సవరణ దోషం ఉన్న చివరి అంకె మాత్రమే మిగలడం దీనికి కారణం.

పరిష్కారం మూలాల లబ్ధంలో ఉంది. మూలాల లబ్ధం గ ÷ క. ముందుగా కూడికతో పెద్ద మూలాన్ని కనుక్కోవాలి: (30 + 29.93) ÷ 2, సుమారు 29.97. చిన్న మూలం 1 ÷ 29.97 = 0.03337. అదే నాలుగంకెల గణనతో నాలుగంకెలూ సరైన ఫలితం లభించింది. కంప్యూటర్లు ఎక్కువ అంకెలు ఉంచుకుంటాయి కాని వాటికీ హద్దు ఉంది. మధ్యపద గుణకం మిగిలిన రెండింటికంటే చాలా పెద్దదైనప్పుడు అక్కడా ఇదే చిక్కు ఎదురవుతుంది. సూత్రంలోని ± గుర్తును యాంత్రికంగా వాడరాదనడానికి ఇది మరొక కారణం.

10. బోధనకు అన్వయం:

పై పరిశీలన నుంచి బోధనకు పనికివచ్చే మూడు సూచనలు లభిస్తాయి. మొదటిది, సూత్రాన్ని ప్రకటించడానికి ముందు అల్ ఖ్వారిజ్మీ చిత్రాన్ని, ఆ తరువాత శ్రీధరుని గుణకారాన్ని చూపవచ్చు. వాటిని స్వయంగా చేసిన విద్యార్థి సూత్రం మరచిపోయినా నాలుగు పంక్తులలో తిరిగి రాబట్టగలడు. రెండవది, సూత్రాభ్యాసానికి ఇచ్చే సమస్యలలో రెండు మూలాలూ చెల్లేవి, ధనమూలమే చెల్లనివి, ఒకే సమీకరణానికి దారితీసే వేర్వేరు సమస్యలు తప్పక ఉండాలి. అన్నింటిలోను ఋణమూలమే త్యాజ్యమయ్యే అభ్యాసం విద్యార్థికి తప్పుడు నియమాన్ని నేర్పుతుంది. మూడవది, మూల్యాంకనంలో ‘ఎందుకు విడిచిపెట్టారు’ అన్న వాక్యానికి విడిగా మార్కులు కేటాయించవచ్చు. అయిదు కోతులను తిరస్కరించడానికి సరైన కారణం చెప్పగలిగిన విద్యార్థి వర్గమనే భావనను గ్రహించినట్లే.

11. ముగింపు:

• వర్గ సమీకరణ సూత్రం మధ్యమాహరణ ప్రక్రియకు సంక్షిప్త రూపం. అందులోని 4·క·గ, 2·క అనే రాశులు శ్రీధరుడు చెప్పిన గుణకారం నుంచి పుట్టినవి.

• ఋణసంఖ్యల అంగీకారం వల్ల బ్రహ్మగుప్తునికి ఒకే సాధారణ నియమం సాధ్యమైంది. అదే అంగీకారం మూలాల ఎంపికను అనివార్యం చేసింది.

• వర్గం చేసినప్పుడు పోయిన గుర్తును సూత్రం తిరిగి ఇవ్వలేదు, రెండు అవకాశాలను మాత్రమే ఇస్తుంది. భాస్కరుని రెండు వానర సమస్యలు ఇందుకు నిదర్శనం.

• మూలపు గుర్తు గ్రాహ్యత్యాజ్య నిర్ణయానికి చాలదు. సమస్యలోని వాక్యాలే ప్రమాణం.

• గణనలో కూడా సూత్రాన్ని గుణకాల పరిమాణాన్ని బట్టి విచక్షణతో వాడాలి.

విచక్షణి అన్న పదం సమీకరణంలోని ఒక రాశికి పేరుగా స్థిరపడింది. ఆ రాశి మూలాల స్వభావాన్ని చెప్తుంది. వాటిలో ఏది సమాధానమో చెప్పవలసిన విచక్షణ మాత్రం సమస్యను చదివిన మనిషిదే. తొమ్మిది వందల ఏళ్ల నాడు అయిదు కోతుల దగ్గర ఆగి ఆలోచించిన భాస్కరాచార్యుడు బోధించినది అదే.